మాంస శుద్ధి కేంద్రాలలో గాలి ద్వారా సోకే రసాయనాలు – కార్మికుల రక్షణ

మాంస పరిశుభ్రతపై జరిగే శిక్షణ తరగతులలో క్రిమిసంహారక ద్రావణం ఎంత మోతాదులో ఉండాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి అన్న విషయాలను మనం వివరంగా చెబుతాము. ఆ ద్రావణంపై వంగి పనిచేసే కార్మికులు ఏ గాలి పీలుస్తున్నారన్నది మాత్రం సాధారణంగా మన పాఠంలో ఉండదు. మాంసాన్ని కాపాడేందుకు వాడే రసాయనమే కార్మికుల ఊపిరితిత్తులకు చేరుతున్నప్పుడు ఆ సిఫారసు అసంపూర్ణమైనదే. ఆ మిగిలిన భాగాన్ని ఇక్కడ చర్చిస్తున్నాము.

క్లోరిన్, క్లోరమైన్లు

మన ప్రాంతంలోని చిన్న కబేళాలలోను, కోడిమాంసం దుకాణాలలోను ఎక్కువగా వాడేది బ్లీచింగ్ పౌడరు. కడిగిన నేలపై, సరైన మోతాదులో వాడితే దీనినుండి గాలిలోకి చేరే వాయువు స్వల్పం. అదే ద్రావణం రక్తం, పేడ, మూత్రం అంటిన నేలపై పడినప్పుడు వాటిలోని అమ్మోనియాతోను, ప్రోటీన్లలోని నత్రజనితోను చర్య జరిగి క్లోరమైన్లు ఏర్పడతాయి. వీటిలో ట్రైక్లోరమైన్ నీటిలో నిలువక త్వరగా గాలిలో కలుస్తుంది. కళ్ళు మండటం, గొంతు గరగర, ఆగని దగ్గు వంటి బాధలకు ఇది ముఖ్య కారణం. ఈత కొలనుల వద్ద వచ్చే ఘాటు వాసన కూడా ప్రధానంగా క్లోరమైన్లదే. ఘాటు ఎక్కువైతే శుభ్రత కూడా ఎక్కువైనట్లు భావించడం క్షేత్రస్థాయిలో తరచుగా కనిపించే పొరపాటు. వాస్తవానికి ఆ ఘాటు, వేసిన క్లోరిన్‌లో కొంత భాగం సూక్ష్మజీవులపై పనిచేయకుండా మురికితో కలిసి వృథా అయిందనడానికి గుర్తు.

కావున మొదట గీకి, నీటితోను డిటర్జెంటుతోను కడిగి, ఆ తరువాతనే క్లోరిన్ ద్రావణం వాడాలి. ఈ వరుస పాటిస్తే మాంసానికీ, మనిషికీ ఒకే పనితో మేలు కలుగుతుంది. మోతాదు విషయంలో గుప్పెళ్ళ లెక్క పనికిరాదు. 33 శాతం లభ్య క్లోరిన్ గల పౌడరుతో 200 పి.పి.ఎం. ద్రావణం తయారుచేయడానికి 100 లీటర్ల నీటికి సుమారు 60 గ్రాములు చాలు. పొడిని గాలి తగిలే చోట, ముఖాన్ని దూరంగా ఉంచి కలపాలి. ఉప్పు పేరుకున్న పాత్రలను తోమే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎట్టి పరిస్థితిలోను కలపరాదు. ఒకటి వాడిన తరువాత బాగా నీళ్ళు పోసి కడగకుండా రెండవది పోసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇది గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కనుక నేలకు అంటుకొని, వంగి తోమేవారికే ముందుగా సోకుతుంది.

పెరాసిటిక్ ఆమ్లం

పెద్ద కోళ్ళ శుద్ధి కర్మాగారాలలో, ముఖ్యంగా అమెరికాలో, క్లోరిన్ స్థానాన్ని చాలావరకు పెరాసిటిక్ ఆమ్లం ఆక్రమించింది. మార్కెట్లో లభించే ద్రావణంలో పెరాసిటిక్ ఆమ్లంతో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లం కూడా ఉంటాయి. మూడూ గాలిలోకి చేరేవే, మూడూ కంటికి, శ్వాసనాళాలకు మంట పుట్టించేవే. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏ.సి.జి.ఐ.హెచ్. 2014లో పెరాసిటిక్ ఆమ్లానికి 15 నిమిషాల సగటుగా 0.4 పి.పి.ఎం. పరిమితిని సూచించింది.

ఇక్కడ గాలి మార్గం ముఖ్యం. తొట్టికి నెత్తిమీద పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను ఆవిరిని కార్మికుల ముఖం మీదుగానే పైకి లాగుతుంది. తొట్టి అంచున, నీటి మట్టానికి కాస్త పైన, సన్నని చీలిక ద్వారా పీల్చే ఏర్పాటు దీనికంటే మేలైనది. తొట్టికి మూత అమర్చడం, అధిక పీడనపు పిచికారీకి బదులు ముంచే పద్ధతి అనుసరించడం, చిక్కటి రసాయనాన్ని చేతితో ఒంపకుండా పంపు ద్వారా కలపడం కూడా మూలంలోనే ఆవిరిని తగ్గిస్తాయి. చల్లదనం పోకుండా ఉన్న గాలినే తిప్పి తిప్పి వాడే గదులలో ఆవిరి పేరుకుంటుంది. విద్యుత్ ఆదా కోసం తాజా గాలిని పూర్తిగా మూసివేయడం సరికాదు.

మాస్కు గురించి ఒక మాట. ఎన్-95 మాస్కు ధూళికణాలను ఆపుతుందిగాని వాయువులను ఆపదు. క్లోరిన్‌కు, అమ్మోనియాకు వేర్వేరు కార్ట్రిడ్జిలు ఉన్నాయి. ముఖానికి బిగుతుగా అమరని రెస్పిరేటరు వల్ల ప్రయోజనం తక్కువ. మొదట మాస్కు కొని, తొట్టి మూత సంగతి తరువాత చూద్దామనే యాజమాన్యాలకు ఈ క్రమం తలకిందులైనదని చెప్పవలసిన బాధ్యత మనదే.

సగటు దాచే ప్రమాదం

2025 వరకు అమలులో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 రెండవ షెడ్యూలు క్లోరిన్‌కు 8 గంటల సగటుగా 1 పి.పి.ఎం., 15 నిమిషాలకు 3 పి.పి.ఎం. పరిమితిని పేర్కొన్నది. అమ్మోనియాకు ఇవి వరుసగా 25, 35. ఒక కార్మికురాలు నేల కడిగేటప్పుడు 15 నిమిషాలు 8 పి.పి.ఎం. క్లోరిన్ పీల్చి, మిగిలిన షిఫ్టంతా స్వచ్ఛమైన గాలిలో ఉన్నారనుకుందాము. ఎనిమిది గంటల సగటు 0.25 మాత్రమే వస్తుంది. కాగితంపై అంతా సవ్యంగానే ఉంటుంది. ఆమె మాత్రం స్వల్పకాలిక పరిమితికి రెండున్నర రెట్లకు పైగా పీల్చారు.

అందువల్ల కొలత ఎప్పుడు, ఎక్కడ తీశారన్నది అంకెకంటే ముందు అడగాలి. డ్రమ్ము మార్చేటప్పుడు, తొట్టి నింపేటప్పుడు, షిఫ్టు ముగిశాక కడిగేటప్పుడు ముక్కుకు దగ్గరగా కొలవాలి. కడిగే పని రాత్రి జరిగి, కొలత పగలు జరిగితే ఆ కొలతకు విలువ లేదు. విద్యార్థులు సర్వేకు వెళ్ళినప్పుడు రాత్రి షిఫ్టు వారిని తప్పక కలవాలి. దగ్గు, ఛాతీ బిగుతు పని దినాలలో పెరిగి, సెలవు రోజున తగ్గుతున్నాయా అని అడగాలి. అవునంటే వృత్తిజన్య ఆస్తమాను అనుమానించి వైద్యుని వద్దకు పంపాలి.

వాసన లేని వాయువులు

అమ్మోనియా ఘాటుతో హెచ్చరిస్తుంది. నత్రజని, కార్బన్ డయాక్సైడ్ ఆ హెచ్చరిక ఇవ్వవు. 2021 జనవరి 28న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, గేన్స్‌విల్ పట్టణంలోని కోడిమాంసం కర్మాగారంలో ఫ్రీజరు నుండి ద్రవ నత్రజని వెలువడి ఆరుగురు మరణించారు. మరణించినవారిలో సహోద్యోగులకు సాయం చేయబోయినవారు కూడా ఉన్నారు. ఒక లీటరు ద్రవ నత్రజని సుమారు 700 లీటర్ల వాయువుగా మారి గదిలోని ఆక్సిజన్‌ను తోసివేస్తుంది. ఇటువంటి గదిలో ఏ కార్ట్రిడ్జి మాస్కూ పనిచేయదు. అది గాలిని వడకడుతుందే తప్ప లేని ఆక్సిజన్‌ను ఇవ్వలేదు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గగానే మోగే అలారమును గది లోపలే కాక తలుపు వెలుపల కూడా అమర్చాలి. ద్రవ సరఫరాను ఆపే మీటను లోపలికి వెళ్ళనవసరం లేకుండా అందేచోట ఉంచాలి. లోపల ఎవరైనా పడిపోయినట్లు కనిపించినా, వీపున సొంత గాలి సిలిండరు ఉండి, దాని వాడకంలో శిక్షణ పొందినవారు తప్ప వేరెవరూ గడప దాటరాదు.