అప్రెంటిస్‌షిప్‌కు డబ్బు కట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు. ప్రభుత్వ పథకంలో అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ ఇప్పించి ఉద్యోగం చూపిస్తామని ఒకాయన 40 వేలు అడుగుతున్నాడు. కట్టమంటారా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: వద్దమ్మా, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అప్రెంటిస్‌గా చేరితే మీవాడికే నెలనెలా స్టైపెండ్ వస్తుంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ఆధార్, ఐటీఐ సర్టిఫికెట్‌తో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. చేతకాకపోతే చదివిన ఐటీఐకే వెళ్లి అడగండి, మొహమాటపడొద్దు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. శిక్షణ ముగిశాక అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం చట్టంలో లేదు. కానీ చేతిలో పనితనం ఉంటుంది, జాతీయ సర్టిఫికెట్ ఉంటుంది. రైల్వేలో శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లకైతే లెవెల్-1 (ప్రారంభ స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అందుకే రైల్వే నోటిఫికేషన్లను ప్రత్యేకంగా గమనిస్తూ ఉండమనండి.

ఆ 40 వేలు మీ దగ్గరే ఉంచుకోండమ్మా.