మర్రి మొదట్లో మంట పెడితే ఏమవుతుంది?

మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా పోయే బీజాపూర్ రోడ్డు పక్కన పొలమున్న రైతులకు మర్రి నీడ సంగతి చెప్పనక్కరలేదు. ఈ రోడ్డు వెంట 900కు పైగా మర్రి చెట్లున్నట్లు చెట్ల ప్రేమికులు లెక్క తేల్చారు. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసే విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అది కాగితాల మీద నడిచిన వ్యవహారం. ఏ కాగితమూ లేకుండా చెట్టును చంపే పద్ధతులు వేరే ఉన్నాయి.

ఎందుకు చంపుతారు? రైతుకైతే నీడ బాధ. కొమ్మ కింద రెండు మూడు సాళ్లు టమాట గాని, క్యారెట్ గాని సరిగా ఎదగవు. వేర్లు తడి లాగేస్తాయి. చెట్టు సర్కారుది, నష్టం మీది. కోపం రావడంలో తప్పు లేదు. ప్లాట్లు చేసేవారికి రోడ్డు వైపు అడ్డం లేకుండా ఉండాలి, కలప వ్యాపారికి కట్టె కావాలి. గొడ్డలి వేస్తే పదిమందికీ వినబడుతుంది. అందుకే మొదట్లో చెత్త పోసి నిప్పు పెడతారు, లేదా చుట్టూ బెరడు ఒలుస్తారు. చెట్టు ఎండాక "మీద పడేలా ఉంది" అని తీయించడం సులువు.

ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేర్లకు దిగుతుంది. చుట్టూ కాలితే ఆ దారి తెగి వేర్లు పస్తుంటాయి. నీరు మాత్రం లోపలి కట్టె గుండా పైకి పోతూనే ఉంటుంది. కాబట్టి ఆకులు కొంతకాలం పచ్చగానే కనబడతాయి. "ఏం కాలేదులే" అనుకుంటాం. ఊడలు నేలలో దిగిన మర్రి తట్టుకోవచ్చు గాని, ఊడలు నరికేసిన రోడ్డు పక్క చెట్టుకు ఆ ఆసరా ఉండదు. ఒకవైపే కాలినా అక్కడ కుళ్లు పట్టి మాను డొల్లవుతుంది. గాలివానకు అది పడేది రోడ్డు మీదో, మీ బోరు కరెంటు తీగల మీదో!

కావాలని పెట్టకపోయినా, కొయ్యకాళ్లు కాల్చిన మంట గట్టెక్కి మానును తాకుతుంది. కొయ్యకాళ్లను రోటవేటర్‌తో నేలలో కలియదున్నండి. కాల్చే ఖర్మే ఉండదు.

2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. నీలగిరి, సుబాబుల్, సరుగుడు వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది గాని మర్రికి లేదు. కొమ్మలు మరీ కమ్ముకుంటే మీరే కత్తి పట్టకుండా అటవీ శాఖ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టండి. రోడ్డు చెట్టయితే రోడ్ల శాఖకూ ఒక ప్రతి ఇవ్వండి. ఈలోగా మాను దగ్గర కాకుండా నీడ అంచున వానాకాలంలో పసుపో అల్లమో, ఎండాకాలంలో కొత్తిమీరో వేసి చూడండి. ఎండాకాలంలో కొత్తిమీరకు కొందరు డబ్బు పెట్టి నీడ వలలు కడుతున్నారు.