క్రియల పొత్తు

తప్పైనా, ఇంటిపనియైనా, స్నానమైనా తెలుగులో ‘చేయు’ ధాతువు ఒక్కటే చాలును. ఆంగ్లంలో తప్పునకు ‘మేక్’, ఇంటిపనికి ‘డూ’, స్నానానికి ‘టేక్’ తోడు కావలె. ‘డూ ఎ మిస్టేక్’ అని వ్రాసిన విద్యార్థి వ్యాకరణం తప్పలేదు, పొత్తు తప్పినాడు. జె.ఆర్. ఫర్త్ 1951లో ఈ పొత్తునకే ‘కొలొకేషన్’ అను పారిభాషిక పదాన్ని వాడినాడు.

విశేషణాలతో ఈ పొత్తు మరింత విచిత్రమైనది. పాలు విరిగినా, చూపు పోయినా, మతి చలించినా ‘గో’ క్రియయే వస్తుంది: గో సోర్, గో బ్లైండ్, గో మ్యాడ్. ఇవి తరచుగా నిలిచిపోయే చేటులు. వచ్చిపోయే కోపానికి, అలసటకు ‘గెట్’ చాలును: గెట్ యాంగ్రీ, గెట్ టయర్డ్. వ్యాధి నయమైనా ‘గెట్ వెల్’ అనే అంటారు.

తెలుగు మాత్రం సులభమా? ఆకలి ‘వేస్తుంది’, నిద్ర ‘పడుతుంది’, కోపం ‘వస్తుంది’. తెలుగు నేర్చే ఆంగ్లేయుడు ‘ఆకలి పట్టింది’ అన్నచో వినువారు నవ్వుతూనే అన్నం వడ్డిస్తారు.