నిలకడ గల కంప్యూటరు

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. ఒకప్పుడు మద్రాసున వర్ధిల్లిన ఈ పరిశ్రమ క్రమముగా ఇచ్చటికి తరలివచ్చెను. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోను, తరువాత డి. రామానాయుడు ఫిలింనగర్‌లో తమ స్టూడియోను నెలకొల్పిరి. ఆ కాలమున ఎడిటరు ఫిల్మును కత్తిరించి అతికించెడివాడు. నేడు ఆ పని కంప్యూటరుపై జరుగుచున్నది.

స్వల్ప ధనముతో ఈ వృత్తిలో దిగువారు కొందరు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి బజారులలో మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు వేరువేరుగా కొని, కంప్యూటరును ఇంటనే కూర్చుకొందురు. భాగములను బిగించుట సులభమే. వానిని ఏకముగా నడపు ఆపరేటింగ్ సిస్టమును ఎన్నుకొనుటయే కష్టము.

షూటింగులో ప్రొడక్షన్ మేనేజరు తెరపై కనబడడు. కాని ఎవరికేది ఎప్పుడు కావలెనో అతడు చూడనిచో పని సాగదు. ఆపరేటింగ్ సిస్టము అట్టిదే. ఏ ప్రోగ్రామునకు ఎంత మెమరీ ఈయవలెనో, ప్రాసెసరును ఎవరు ఎప్పుడు వాడవలెనో అది నిర్ణయించును. ఒక్కొక్క భాగమును నడపుటకు దానికి ‘డ్రైవరు’ అను చిన్న ప్రోగ్రాము కావలెను. కంపెనీ యంత్రములలో ఈ పొందికను కంపెనీయే పరీక్షించును. ఇంట కూర్చిన యంత్రమున ఆ భారము కూర్చినవానిదే. డ్రైవరు పొసగనిచో యంత్రము నడుమ స్తంభించును. చిత్రము విడుదలకు ముందురాత్రి అట్లు జరిగినచో, భద్రపరచని శ్రమ వ్యర్థమగును.

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అను సామెత ఇచ్చట పనికిరాదు. ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను ఆరంభించెను. దాని ఆధారముగా 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్‌కు పునాది వేసెను. స్వచ్ఛంద సేవకులు దీనిని ఉచితముగా అందించుచున్నారు. ఇందు అస్థిర, పరీక్షా, స్థిర శాఖలు కలవు. కొత్త ప్రోగ్రాములు మొదట అస్థిర శాఖలో చేరి, పరీక్షలు దాటి, సుమారు రెండేండ్లకొకసారి వెలువడు స్థిర కూర్పులో చోటు పొందును. అటుపిమ్మట తీవ్రదోషములను సరిదిద్దుదురే కాని కొత్త హంగులు చేర్చరు. ఈ కూర్పులకు ‘టాయ్ స్టోరీ’ చిత్రములోని పాత్రల పేర్లు పెట్టుదురు. అస్థిర శాఖకు బొమ్మలు విరుగగొట్టు బాలుడైన సిడ్ పేరు పెట్టుట తగియున్నది. అయితే స్థిర కూర్పు నిన్న వచ్చిన గ్రాఫిక్స్ కార్డును గుర్తింపలేకపోవచ్చును. కనుక కొంత పాతబడిన భాగములను కొనుట మేలు.

నిలకడకు మాట నిలుపుకొనుటయు అవసరమే. విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలు పెక్కు సెంటోస్ అను లినక్స్‌ను నమ్ముకొనెను. దాని 8వ కూర్పునకు 2029 వరకు మరమ్మతులు లభించునని అందరు తలచిరి. కాని 2021 చివరనే అవి ఆగునని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడెను. అప్పుడు సెంటోస్ స్థాపకులలో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్, దానికి బదులుగా రాకీ లినక్స్‌ను ఆరంభించి, దివంగతుడైన తన సహచరుని పేరు దానికి పెట్టెను.

కావున సిస్టమును వెదకువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. తన ఎడిటింగు ప్రోగ్రాము దానిపై నడచునా? తన భాగములకు డ్రైవర్లు కలవా? ఎన్నేండ్లు మరమ్మతులు అందును? పిమ్మట దానిని పెన్‌డ్రైవు నుండి నడిపి తెర, శబ్దము, నెట్‌వర్కు చూడవలెను. మెమరీ పరీక్షను రాత్రియంతయు సాగనీయవలెను. సిస్టముపై మోపు నిందలలో కొన్ని చెడిన మెమరీవే. మార్పులు ఒక్కొక్కటిగా చేసినచో దోషమెచ్చటిదో తెలియును. చిత్రము చేతిలో నుండగా ఏ మార్పునకును పూనుకొనరాదు. ఎంత నిలకడ గల యంత్రమైనను ఒకనాడు చెడును. అందుచే పని ముగిసిన ప్రతి సాయంకాలము చిత్రపు నకలును వేరొక డిస్కుపై దాచువాడే నిశ్చింతగా నిదురింపగలడు.