పువ్వు కుట్టాలంటే రింగు ఎందుకు?

పిల్లలూ! మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కుట్టు మిషను వుండే వుంటుంది. జాకెట్లు కుట్టడం, చిరిగిన చోట అతుకు వేయడం మీరు చూసే వుంటారు. అదే మిషను మీద జాకెట్టు చేతులకు పువ్వులు, లతలు కూడా కుట్టవచ్చు. అందుకు ఇంకో మిషను కొననక్కరలేదు. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు వలయాల ఎంబ్రాయిడరీ రింగు వుంటే చాలు.

రింగు లేకుండా కుట్టబోతే ఏమవుతుంది? కుట్లు తప్పుతాయి. దారం తెగుతుంది. బట్ట ముడతలు పడుతుంది. ఒక్కోసారి సూది కూడా విరుగుతుంది. ఇంట్లో మిషను పెట్టుకొని నాలుగు రాళ్ళు సంపాదించుకునే తల్లులు ఎందరో వున్నారు. ఇతరులిచ్చిన బట్ట పాడైతే ఆ నష్టం కుట్టినవారిమీదే పడుతుంది. అందుచేత, బట్టకు రింగు చేసే మేలేమిటో తెలుసుకుందాం.

కుట్టు ఎలా పడుతుంది?

చేతితో కుట్టే సూదికి కన్ను వెనుక చివర వుంటుంది. మిషను సూదికి మొన దగ్గరే వుంటుంది. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషనులో ఇలాంటి సూది, కింద రెండో దారాన్ని మోసే షటిల్ కలిసి పనిచేశాయి. నేడు మన ఇళ్ళలోని మిషన్లు చాలావరకు ఈ రెండు దారాల పద్ధతిలోనే కుడుతున్నాయి.

సూది బట్టలోంచి దిగి, అడుగుకు చేరి, తిరిగి లేవడం మొదలుపెడుతుంది. అప్పుడు దారానికీ బట్టకూ మధ్య రాపిడి వుంటుంది. దీన్నే ఘర్షణ అంటాం. సూది లేస్తుంది గాని, ఘర్షణ పట్టి వుంచడం వల్ల దారం దానితో సమానంగా లేవలేదు. వెనుకబడిన దారం సూది పక్కన ఉబ్బి చిన్న ఉచ్చులా తయారవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో షటిల్ మొన ఉచ్చులో దూరి, దాన్ని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. తరువాత మిషను పైభాగంలోని మీట దారాన్ని పైకి లాగి బిగిస్తుంది. పై దారం, కింది దారం ఒకదానికొకటి మెలిపడతాయి. ఇదీ ఒక కుట్టు!

ఇప్పుడు ఆలోచించండి. సూది లేచేటప్పుడు బట్ట కూడా దానికి అంటుకొని లేచిందనుకోండి. బట్టా, దారమూ, సూదీ కలిసే లేస్తాయి. దారం వెనుకబడదు. ఉచ్చు ఏర్పడదు. షటిల్ మొన ఖాళీగా తిరిగిపోతుంది. కుట్టు తప్పింది! అంటే సూది లేచేటప్పుడు బట్ట కదలకుండా వుండడమే కుట్టుకు ప్రాణం.

పాదం, పళ్ళు

మామూలు కుట్టులో ఈ పని పాదం చేస్తుంది. అది బట్టను కింది రేకుకు అదిమి పట్టి, సూదితోపాటు లేవనీయదు. రేకు సందుల్లోంచి తొంగిచూసే ఉక్కు పళ్ళు మరో పని చేస్తాయి. సూది బట్టలోంచి బయటకు వచ్చాక, అవి బట్టను ఒక కుట్టు దూరం ముందుకు జరుపుతాయి.

కాని పళ్ళు బట్టను తిన్నగానే నడుపుతాయి. పూరేకు గీత వంపు తిరగాలి, వెనక్కి రావాలి, పక్కకూ పోవాలి. అందుకని పువ్వు కుట్టేటప్పుడు పాదాన్ని విప్పేస్తాం. పళ్ళను కిందికి దించుతాం. దించే మర లేని మిషనైతే వాటిమీద కప్పే చిన్న రేకు బిగిస్తాం. కుట్టు పొడవును సున్నాకు తెస్తాం. ఇప్పుడు బట్టను అదిమేవారూ లేరు, జరిపేవారూ లేరు. అదిమి వుంచే పని రింగుది. జరిపే పని మీ చేతులది.

బిగువులోని రహస్యం

డప్పు తోలు బిగువుగా వుంటే వేలితో నొక్కినా వెంటనే తన స్థానానికి వచ్చేస్తుంది. వదులైతే లోపలికి పోయి అలాగే వుంటుంది. రింగులో బిగించిన బట్టా అంతే. అన్ని వైపుల నుండీ లాగబడి వుంటుంది గనుక సూది దాన్ని పైకి ఎత్తలేదు. రింగు పెద్దదయ్యేకొద్దీ నడుమన బట్ట సులువుగా కదులుతుంది. అందుకని నేర్చుకునేవారికి 12 నుండి 15 సెంటీమీటర్ల రింగు మంచిది.

ఒక చేతిరుమాలుతో ఈ ప్రయోగం చేసి చూడండి. దాని రెండు ఎదురెదురు అంచులు పట్టుకొని లాగండి. పెద్దగా సాగదు. ఇప్పుడు రెండు ఎదురెదురు మూలలు పట్టుకొని ఐమూలగా లాగండి. చక్కగా సాగుతుంది! ఎందుకు? నేతలో పడుగు, పేక చిన్న చిన్న చతురస్రాలుగా అల్లుకొని వుంటాయి. అంచువైపు లాగితే నూలునే లాగినట్టు. ఐమూలగా లాగితే నూలు సాగనవసరం లేదు. చతురస్రాలు వాలి రాంబస్‌లుగా మారితే చాలు.

కాబట్టి రింగులోని బట్టను పడుగు వెంట, పేక వెంట మాత్రమే సవరించి బిగించాలి. ఐమూలగా లాగి బిగిస్తే, గుండ్రంగా కుట్టిన పువ్వు రింగు విప్పగానే కోలగా మారిపోతుంది.

రింగు బిగించే విధం

చేతికుట్టుకు బట్ట రింగు పైభాగాన వుంటుంది. మిషనుకు అది తలకిందులు. బట్ట మిషను రేకును తాకుతూ వుండాలి. పెద్ద వలయాన్ని బల్లమీద పెట్టండి. దానిమీద బట్టను మంచివైపు పైకి వచ్చేలా పరచండి. చిన్న వలయాన్ని లోపలికి నొక్కి, మర బిగించండి. మర అంటే మేకు చుట్టూ చుట్టిన వాలుతలమే. వేళ్ళతో కొద్ది బలం ఉపయోగించి తిప్పినా, అది వలయాన్ని ఎక్కువ బలంతో నొక్కుతుంది. నున్నటి వలయంనుండి బట్ట జారుతుంటే, చిన్న వలయానికి పాత నూలు గుడ్డ పీలిక చుట్టండి. ఘర్షణ పెరిగి పట్టు కుదురుతుంది. పని పూర్తికాగానే రింగు విప్పేయండి. రాత్రంతా వదిలితే బట్టమీద వలయం మచ్చ పడుతుంది.

మరచిపోకూడని మీట

ఇక్కడే చాలామంది పొరబడతారు. పాదం లేదు కదా అని పాదాన్ని దించే మీటను పైనే వదిలేస్తారు. పై దారం రెండు చిన్న బిళ్ళల మధ్య నుండి వస్తుంది. ఆ బిళ్ళలు దారాన్ని నొక్కిపట్టి బిగువునిస్తాయి. మీట దించితేనే అవి మూసుకుంటాయి. దించకపోతే పై దారానికి బిగువు లేక, బట్ట అడుగున పిచ్చుకగూడులా చిక్కుపడుతుంది. పాదం లేకపోయినా మీట దించాలి!

పై దారం, కింది దారం తాడు లాగే ఆట ఆడుతున్నట్టు వుంటాయి. రెండు బలాలు సమానమైతే మెలిక బట్ట మందం మధ్యలో వుంటుంది. పువ్వు కుట్టేటప్పుడు పై దారాన్ని కొంచెం వదులు చేయండి. మెలిక అడుగుకు పోయి, పైన పువ్వు శుభ్రంగా కనబడుతుంది.

చేతి లెక్క

మిషను నిమిషానికి 600 కుట్లు వేస్తోందనుకుందాం. అంటే సెకనుకు 10. మీరు రింగును సెకనుకు 20 మిల్లీమీటర్లు జరిపితే, ఒక్కో కుట్టు 2 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది. చేయి వేగం రెట్టింపయితే కుట్టు 4 మిల్లీమీటర్లు. చేయి ఒకసారి తొందరపడి, ఒకసారి ఆగితే కుట్లు పొడవూ పొట్టీ అవుతాయి. అందుచేత కాలు, చేయి రెండూ ఒకే లయలో నడవాలి. సూది బట్టలో వుండగా రింగును గుంజితే సూది వంగి, రేకుకు తగిలి విరుగుతుంది.

పూరేకును నిండుగా నింపేటప్పుడు ప్రతి కుట్టూ బట్టను రవంత లోపలికి లాగుతుంది. ఒక్క కుట్టు లాగుడు కంటికి కనబడదు. వందల కుట్లు కలిస్తే ముడతే! బట్ట అడుగున పలుచటి తెల్ల కాగితం పెట్టి కుట్టండి. అది లాగుడును తట్టుకుంటుంది. తరువాత చించి తీసేయవచ్చు. అచ్చు కాగితం వద్దు, సిరా అంటుతుంది.

జాగ్రత్త!

పాదం లేనప్పుడు సూదికీ మీ వేలికీ మధ్య అడ్డు ఏమీ వుండదు. చేతులు ఎప్పుడూ రింగు అంచుమీదే వుండాలి. లోపల బట్టను వేలితో సవరించాలంటే ముందు మిషను ఆపండి. దారం ఎక్కించేటప్పుడు కాలు తొక్కుడు మీద వుండరాదు. మోటారు మిషనైతే స్విచ్ కట్టేయండి. విరిగిన సూది ముక్కలన్నీ వెదికి, డబ్బాలో వేయండి. మొదటిసారి పెద్దవారి సమక్షంలోనే కుట్టండి.

మగ్గం వర్క్ చేసేవారు బట్టను మంచమంత చట్రానికి లాగి కట్టడం మీరు చూసివుంటారు. అక్కడా ఇదే సూత్రం. నేటి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లలో కూడా రింగు వుంది. దాన్ని చేతికి బదులు ఒక యంత్రభుజం కుడి ఎడమలకు, ముందు వెనుకలకు జరుపుతుంది. మీరు గ్రాఫు కాగితంమీద గుర్తించే X, Y అక్షాలే అవి. జరిపేది చేయి అయినా యంత్రమైనా, బట్టకు బిగువు తప్పదు.

ఆలోచించండి

1. రింగు చతురస్రంగా వుంటే, మూలల దగ్గరా అంచుల మధ్యలోనూ బట్ట ఒకే బిగువుతో వుంటుందా?
2. అల్లిన బనియను గుడ్డను రింగులో ఎక్కువగా లాగి బిగిస్తే, విప్పాక పువ్వు ఏమవుతుంది?
3. మిషను సెకనుకు 8 కుట్లు వేస్తోంది. 3 మిల్లీమీటర్ల కుట్టు కావాలంటే రింగును ఎంత వేగంతో జరపాలి?

మూడో ప్రశ్నకు లెక్క కట్టి జవాబు రాసుకోండి. ఆ తరువాత ఒక పాత గుడ్డమీద కుట్టి, స్కేలుతో కొలిచి చూడండి. మీ చేయి ఎంత కుదురుగా నడిచిందో ఆ కుట్లే చెబుతాయి.