ఒళ్లు కాలుతున్నా చలెందుకు?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. జ్వరమొస్తే ఒళ్లు పెనంలా కాలుతున్నా చలి చలి అంటూ వణుకుతాడు. మా అత్తగారు దుప్పట్లు కప్పమంటారు, మావారు ఐసునీళ్లతో తుడవమంటారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దమ్మా. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుపుతుంది. వైరస్ చొరబడితే తెల్ల రక్తకణాలు సైటోకైన్లనే రసాయనాలు వదులుతాయి. వాటివల్ల హైపోథాలమస్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం పెరిగి ఆ 37 డిగ్రీల హద్దు, ఉదాహరణకు, 39కి జరుగుతుంది. అప్పుడు ఒళ్లు 38 దగ్గరున్నా మెదడు లెక్కలో అది చల్లదనమే! అందుకే చర్మానికి రక్తం తగ్గించి, కండరాలను వణికించి వేడి పుట్టిస్తుంది. మగతగా పడుకోవడం, అన్నం వద్దనడం కూడా చాలావరకు ఆ సైటోకైన్ల పనే. బలవంతంగా తినిపించకండి, నీళ్లు మాత్రం మాటిమాటికీ తాగించండి.

ఐసునీళ్లు తగిలితే వణుకు ఇంకా పెరుగుతుంది. మందపాటి దుప్పట్లు వేడిని బయటికి పోనివ్వవు. పల్చటి దుప్పటి చాలు. పారాసెటమాల్ పెరిగిన ఆ హద్దునే కిందికి దించుతుంది, చెమట పట్టేది అందుకే. మోతాదు పిల్లాడి బరువును బట్టి డాక్టరు చెప్పినంతే. రోజు విడిచి రోజు చలిజ్వరం వస్తుంటే మలేరియా పరీక్ష చేయించండి. మూర్ఛ వచ్చినా, మెడ బిగుసుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.