గృహ పరిశ్రమలు – స్వల్ప వ్యయంతో విక్రయ విధానం

వస్తువును ఇంటిలో తయారు చేయగలగడం ఒక విద్య. దానిని గడప దాటించి తగిన ధరకు అమ్మగలగడం మరొక విద్య. మన కుటుంబాలలో మొదటి విద్యకు కొరత లేదు. హైదరాబాదు పాతబస్తీలో ఎన్నో ఇళ్ళలో స్త్రీలు జరీ మగ్గం పని, కుట్టుపని, లక్క గాజుల పని చేస్తున్నారు. కాని డజనుకు ఇంత, చీరకు ఇంత అని కూలి నిర్ణయించేది దళారి. ఆ చీర చివరకు ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో కుట్టిన ఆమెకు తెలియదు. కొనేవారిని ఎరగని వారికి ధర చెప్పే అధికారం ఉండదు. మార్కెటింగ్ అనే మాటకు పాఠ్యగ్రంథాలలో ఎన్ని నిర్వచనాలున్నా, గృహ పరిశ్రమ విషయంలో దాని సారాంశం ఇదే: కొనేవారికీ చేసేవారికీ మధ్య దూరాన్ని తగ్గించడం.

ప్రకటనలకు లక్షలు వెచ్చించే కంపెనీల చరిత్రలు ఇందుకు ఉపకరించవు. ఉపకరించే ఉదాహరణ మన దేశంలోనే కలదు. 1959 మార్చి 15వ తేదీన బొంబాయి నగరంలోని గిర్గాం ప్రాంతంలో ఏడుగురు గుజరాతీ గృహిణులు తాము నివసించే భవనం మేడపై అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. వారి మూలధనం 80 రూపాయలు. అదీ ఛగన్‌లాల్ కరమ్సీ పారేఖ్ అనే సంఘసేవకుని వద్ద తెచ్చిన అప్పు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. వాటిని భులేశ్వర్‌లో తమకు తెలిసిన ఒక వర్తకునికి ఇచ్చారు. ఆ సంవత్సరం మొత్తం అమ్మకం 6,196 రూపాయలు. అదే నేటి శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్ సంస్థ. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కు 2021లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

ఈ కథ చాలమందికి తెలిసినదే. అయితే దీనిని స్త్రీల పట్టుదలకు నిదర్శనంగా చెప్పి ముగించడం పరిపాటి. వాణిజ్య విద్యార్థి చూడవలసినది వేరు. వారు మొదట రెండు రకాల అప్పడాలు చేశారు: ఒకటి మేలు రకం, ఒకటి చౌక రకం. పారేఖ్ గారు రెండవదానిని మానిపించి, నాణ్యత విషయంలో రాజీ వద్దన్నారు. పెట్టుబడి తక్కువగా ఉన్నవారు ధర తగ్గించి పోటీ పడాలనుకోవడం సహజం. కాని ధర తగ్గించే శక్తి పెద్ద యంత్రాలున్నవారికే ఎక్కువ. ఇంటి సరుకుకు ఉన్న బలమల్లా నిన్న తిన్న రుచే నేడూ ఉండడం. అందుకే ఆ సంస్థలో పిండిని ఒకచోటనే కలిపి సభ్యులకు పంచుతారు. వారు ఇంటికి తీసుకుపోయి ఒత్తి, ఆరబెట్టి, మరునాడు అప్పగిస్తారు. వాటిని పరిశీలించి కూలి చెల్లిస్తారు. ఒత్తే చేతులు వేలల్లో ఉన్నా రుచి ఒకటే.

విరిగిన అప్పడాలను తొలి సంవత్సరంలో ఇరుగుపొరుగులకు పంచిపెట్టారు. నష్టంగా లెక్కవేయదగిన ఆ ముక్కలే వీధిలో రుచి తెలియజేశాయని నా అభిప్రాయం. వర్షాకాలంలో ఎండ లేక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు మంచంపై అప్పడాలు పరచి, మంచం కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. ఇది తయారీ విషయమే కదా అనిపించవచ్చు. సరుకు నాలుగు నెలలు కనబడకపోతే కొనేవాడు మరొకరి వద్దకు పోతాడు. తిరిగి రప్పించడానికే ఖర్చు.

పేరు సంగతి మన కళాశాల వారికి ఆసక్తి కలిగించేది. 1962లో పోటీ పెట్టి పేరును ఎంపిక చేశారు. బహుమతి ఐదు రూపాయలు. లిజ్జత్ అంటే గుజరాతీలో రుచి. అది మన ఉర్దూ మిత్రులు నిత్యం పలికే 'లజ్జత్' అనే మాటే, మూలం అరబ్బీ. ఐదు రూపాయలకు దొరికిన ఆ పేరు ఏ రాష్ట్రంలోనైనా నోరు తిరిగేది. దూరదర్శన్‌లో కుందేలు బొమ్మతో కూడిన ప్రకటన 1980లలో వచ్చింది, అంటే సరుకు ఇంటింటా తెలిసిన తరువాత. అన్నీ సఫలమయ్యాయని కాదు: 1961లో మలాడ్‌లో శాఖ పెట్టే ప్రయత్నం విఫలమయినది.

ఇక ధర. ఇక్కడే మన ఇళ్ళలో ఎక్కువ మంది నష్టపోతున్నారు. ఊహించిన అంకెలతో చూద్దాం. ఐదు కిలోల అప్పడాలకు పప్పు, మిరియాలు, ఇంగువ, నూనె కలిసి 800 రూపాయలు. కవర్లకు, ఆటోకు 100. వెరసి 900. దుకాణదారు కిలోకు 200 ఇస్తానన్నాడు. వెయ్యి వస్తుంది, వంద లాభమని ఇల్లాలు సంతోషిస్తుంది. కాని అర కిలో విరిగిపోయింది. అమ్మినది నాలుగున్నర కిలోలు, వచ్చినది 900. తల్లీ కూతురూ కలిసి చేసిన పన్నెండు గంటల శ్రమకు మిగిలినది సున్న. అదే సరుకును కిలో 260 చొప్పున నేరుగా ఇళ్ళకు ఇస్తే 1,170 వచ్చి 270 మిగులుతుంది. గంటకు ఇరవై రెండున్నర రూపాయలు. ఇదీ గొప్ప ఆదాయమేమీ కాదు. తమ శ్రమకు వెల కట్టని లెక్క లెక్కే కాదని మన ఇళ్ళలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఆ శ్రమ ఉచితమని ఇంటిల్లిపాదీ నమ్ముతారు.

అరువు మరొక చిక్కు. పొరుగింటి ఖాలాజాన్‌ను, పిన్నిగారిని డబ్బు అడగడానికి మొహమాటం. ధర చీటీని ప్యాకెట్ మీదనే అంటిస్తే ఆ మొహమాటం సగం తీరుతుంది. దానితోపాటు తయారైన తేదీ, బరువు, చేసినవారి చిరునామా ఉండాలి. తినుబండారాలు అమ్మేవారు ఇంటిలో చేసినా 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు చేసుకోవాలి. నేడు సెల్‌ఫోనులో వాట్సాప్ ద్వారా పైసా ఖర్చు లేకుండా వంద ఇళ్ళకు కబురు పంపవచ్చు. అయితే రోజూ పంపితే చదవరు, వారానికొకసారి చాలు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వార్షికోత్సవం నాడు ఆవరణలో నాలుగు బల్లలు వేయించి, విద్యార్థినుల ఇళ్ళలో తయారైన సరుకును అమ్ముకోవడానికి అనుమతించాలి. బల్లకు అద్దె వద్దు. బి.కాం. విద్యార్థులు ఒక్కొక్క బల్ల వద్ద కూర్చుని ముడిసరుకు ఖర్చు, పనిగంటలు, విరిగినది, మిగిలినది, అరువు పోయినది అన్నీ పుస్తకంలో వ్రాసి, సాయంత్రం ఆ తల్లులకు చదివి వినిపించాలి.